సత్యానందం గారి ‘యెస్’

మా విద్య పుట్టిన మొదటి చలికాలంలో నేను దాన్ని రోజుకు రెండుసార్లు తూచేదాన్ని. గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపేదాన్ని. వాల్తేరులో వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదివినందుకు నాకు మిగిలిన అలవాటు అదొక్కటే, భయం వేస్తే కొలవడం. 1977 జనవరిలో ఒక వారం ఆ గీత కిందికి దిగింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో కారు తలుపులు మంచుకు బిగుసుకుపోతున్న రోజులవి. మావారు భాస్కర్ కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన ఆఫీసుకు వెళ్లాక అపార్ట్‌మెంట్‌లో నేను, పిల్ల, త్రాసు మిగిలేవాళ్లం.

అంతకు నెల ముందు తెలుగువాళ్లంతా ఒక స్కూలు కెఫెటీరియాలో కలిసినప్పుడు విమలకుమారి గారు పరిచయమయ్యారు. ఆవిడ నర్సు అని గుర్తొచ్చి ఫోన్ చేశాను. గంట తిరక్కుండా తలుపు చప్పుడైంది. తీస్తే సత్యానందం గారు. యాభై ఏడేళ్ల మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటారు. భార్యను రెండు చేతుల మీద ఎత్తుకుని మా రెండో అంతస్తుకు మెట్లెక్కి వచ్చారు. కీళ్లవాతంతో విమల గారి మోకాళ్లు అప్పటికే పనిచెయ్యడం మానేశాయి. గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిస్తే కూర్చుండిపోవాలి. ఆ సంగతి ఆవిడ నాకు ఫోన్‌లో చెప్పనే లేదు.

ఆవిడ నా గ్రాఫు చూడలేదు. రోజుకు ఎన్ని గుడ్డలు తడుపుతోంది అని అడిగారు. ఎనిమిదో తొమ్మిదో అన్నాను.

“అయితే పాలు తాగుతోంది. ఏమండీ, ఆ త్రాసు వ్యాన్‌లో పెట్టండి,” అన్నారు.

నిజంగానే తీసుకుపోయారు. ఆ రాత్రి నేను రెండు నెలల తర్వాత ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను.

ఇద్దరిదీ నరసాపురం దగ్గర ఒకే వీధి. ఆవిడ మిషన్ ఆస్పత్రిలో నర్సు, ఆయన మిషన్ వాళ్ల వర్క్‌షాపులో టర్నరు. 1969లో డెట్రాయిట్ ఆస్పత్రి ఒకటి ఆవిడకు ఉద్యోగం ఇస్తే ఆవిడ ముందు వచ్చి, ఏడాదికి ఆయన్ని రప్పించుకున్నారు. అందుకే ఆయన ఎవరితోనైనా “నేను నా భార్య సామానుతో పాటు వచ్చానండీ” అని చెప్పుకునేవారు. చిన్న వర్క్‌షాపులో లేత్ మీద ఇనుము తిప్పి చెక్కే పని చేసేవారు. కాలవల మధ్య పెరిగినవాళ్లు కదా, ఇద్దరికీ నీళ్లు కనబడకపోతే తోచదు. వెతికి వెతికి, ఉత్తరాన నాలుగు గంటల దూరంలో ప్రభుత్వ అడవిలో ఒక సరస్సును కనిపెట్టారు. పేరు హెరాన్ లేక్. ఆయన మాత్రం చెరువనే అంటారు.

ఆ చెరువుకు ఇసుకలో రెండు చక్రాల గాడులు పడిన పాత దారి ఒకటుంది. ఎప్పుడో కలప లాగినవాళ్లు వేసిన దారి. వ్యాన్ సరిగ్గా నీటి అంచు దాకా పోతుంది. అల్యూమినియం పడవలో ఆయన వర్క్‌షాపు తుక్కుతో తిరిగే కుర్చీ ఒకటి తయారుచేసి బిగించారు. విమల గారిని వ్యాన్‌లోంచి తీసి అందులో కూర్చోబెడితే, ఆవిడ కాళ్ల సంగతి ఇక ఎవరికీ గుర్తుండేది కాదు. ఎటు కావాలంటే అటు తిరిగేవారు. గేలం వేసి చేపలు పట్టేవారు. చింతపండు పులుసు పెడితే ఆ అమెరికా చేప కూడా మన చేపలాగే లొంగుతుందని ఆవిడ అనేవారు. నాకు చేప అలవాటు లేదు కనుక ఆ మాట నమ్మాను.

1977 వేసవిలో మమ్మల్ని కూడా తీసుకెళ్లారు. విద్యకు అప్పటికి ఎనిమిది నెలలు. దోమ కుడుతుందని, నీళ్లలో పడుతుందని, ఏదో ఆకు నోట్లో పెట్టుకుంటుందని నేను హడలిపోతూనే ఉన్నాను. మధ్యాహ్నం విమల గారు దాన్ని ఒళ్లో పెట్టుకుని పెరుగన్నం తినిపిస్తే, ఇంట్లో మూడు ముద్దలకు మించి తినని పిల్ల గిన్నె ఖాళీ చేసింది. ఆ అరగంట నేను ఒంటరిగా నడవడానికి వెళ్లాను. దారికి పడమరన మెత్తటి నాచు నేల. అడుగు వేస్తే పరుపులా ఊగుతుంది. దాని నిండా పురుగుల్ని తినే మొక్కలు. కూజాల్లాంటి ఆకులు, వాటిలో వాననీళ్లు, నీళ్లలో చచ్చిన ఈగలు. పాఠాల్లో బొమ్మలుగా చూసినవి కాళ్ల దగ్గర వందల కొద్దీ ఉన్నాయి. నేను అక్కడే కూలబడిపోయాను. పెళ్లయ్యాక, పిల్ల పుట్టాక, నాకు నేను గుర్తొచ్చిన మొదటి రోజు అది.

ఆ మొక్కల సంగతి నేను వాళ్లిద్దరికీ చెప్పలేదు. ఎందుకో నా దగ్గరే దాచుకున్నాను.

మరుసటి ఏడాది జూన్‌లో ఎరలు అమ్మే కొట్టు గోడ మీద ఒక కాగితం కనబడింది. హెరాన్ లేక్ చుట్టూ పదకొండు వేల ఎకరాలను ‘వైల్డర్‌నెస్’గా ప్రకటించే ప్రతిపాదన. అలా ప్రకటిస్తే లోపల దారి ఉండదు, బండి ఉండదు, మోటారు ఉండదు. మనిషి తన కాళ్ల మీద నడిచి వెళ్లాలి. అంటే విమల గారికి ఆ చెరువు లేనట్టే.

సత్యానందం గారు కాగితం రెండుసార్లు చదివి నన్ను అడిగారు.

“వైల్డర్‌నెస్ అంటే మన భాషలో అరణ్యమే కదమ్మా?”

“అవునండీ.”

“మా చర్చిలో అరణ్యం అంటే దాహంతో అల్లాడే చోటు. ఇక్కడ చూస్తే నీళ్లు, చేపలు. దీన్ని పట్టుకుని అరణ్యం చెయ్యడమేంటి?”

నేను ఏదో నవ్వాను. నాకు ఆ మాట వినగానే నీడ, పచ్చదనం, నాచు నేల గుర్తొస్తాయి. ఆ కాగితం చదివినప్పుడు నా మనసులో మొదట కలిగింది సంతోషం. తర్వాతే విమల గారు గుర్తొచ్చారు. ఆ వరస తలచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్కడి జనం మండిపడ్డారు. చలికాలంలో మంచు బళ్ల మీద తిరిగేవాళ్లు, వేసవిలో పడవలు తెచ్చుకునేవాళ్లు, లేళ్ల వేటకు వచ్చేవాళ్లు అందరికీ కలిపి ఒక క్లబ్బు ఉంది. దాని పెద్ద రే కొవాల్స్కీ. ఎరల కొట్టు ఆయనదే. పెద్ద గొంతు, పెద్ద చేతులు. సత్యానందం గారి పేరు నోరు తిరగక ‘ఆండీ’ అనేవాడు. క్లబ్బులో ఉన్న ఒకే ఒక్క ఇండియన్ ఈయన. వాళ్ల మంచు బళ్లకు విరిగిన భాగాలు లేత్ మీద చేసి ఇచ్చేవారు కనుక ఆయనంటే అందరికీ ఇష్టం. ఎక్కడో నగరాల్లో కూర్చున్నవాళ్లు తమ తాతల నాటి దారుల్ని మూసేస్తున్నారని క్లబ్బు వాదన. ప్రతిపాదన మొత్తం వద్దు, ఒక్క ఎకరం కూడా వద్దు అని అచ్చు వేసిన ఉత్తరాల మీద సంతకాలు చేయించారు.

ఆగస్టులో ఒక శనివారం పగలు హైస్కూలు జిమ్‌లో సభ పెట్టారు. ఎవరైనా వచ్చి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. మాట్లాడిన ప్రతి మనిషికీ ఒక కార్డు. సమర్థన, వ్యతిరేకత అని రెండు గళ్లు. బల్ల దగ్గర కూర్చున్న అధికారి ఏదో ఒక గడిలో టిక్కు పెడతాడు. ఒక పక్కన క్లబ్బువాళ్లు, ఇంకో పక్కన వీపు సంచులతో వచ్చిన కాలేజీ పిల్లలు. నేను విద్యను ఒళ్లో పెట్టుకుని మూడో వరసలో, విమల గారి పక్కన కూర్చున్నాను.

సత్యానందం గారి వంతు వచ్చింది. చర్చికి వేసుకునే కోటు వేసుకున్నారు. ఇంటి దగ్గర బాగానే చెప్పుకున్న మాటలు మైకు ముందు తారుమారయ్యాయి. అడవి చాలా బాగుంటుందన్నారు. దేవుడు చేశాడన్నారు. తన భార్య పడవలో కూర్చుని దాన్ని చూస్తుందన్నారు. దారి అనే మాట ఎక్కడో మధ్యలో వచ్చి జారిపోయింది. మూడు నిమిషాలు అయిపోయాయి. ఈయన ఏ పక్షమో అధికారికి తెలియలేదు. మర్యాదగానే అడిగాడు.

“సో, యూ డోంట్ సపోర్ట్ దిస్, సర్?”

“యెస్, సర్.”

“యెస్?”

“యెస్, యెస్,” అని తల అటూ ఇటూ ఊపారు.

తెలుగులో అయితే ఆ జవాబులో తప్పేమీ లేదు. మీరు ఒప్పుకోవడం లేదా అంటే, అవును, ఒప్పుకోవడం లేదు అంటాం. ఇంగ్లీషులో అది తలకిందులవుతుంది. నాకు తెలుసు. పిల్లల డాక్టరు, పాప రాత్రిళ్లు నిద్రపోవడం లేదా అని అడిగితే నేను యెస్ అన్నాను. ఆయన హాయిగా నిద్రపోతోంది అని రాసుకున్నాడు. మూడు నెలలు ఆ ఫైలులో అలాగే ఉండిపోయింది.

అధికారి సమర్థన గడిలో టిక్కు పెట్టాడు. వీపు సంచుల పిల్లలు చప్పట్లు కొట్టారు. సత్యానందం గారు ఆ చప్పట్లు తన ధైర్యానికనుకుని, ముఖమంతా వెలిగిపోతూ వాళ్లకు చేతులు జోడించి నమస్కారం పెట్టారు. వాళ్లు ఇంకా గట్టిగా కొట్టారు.

నేను లేచి చెప్పాల్సింది. అది పొరపాటండీ, ఆయన అన్నది కాదు అని. చెప్పలేదు. మా గ్రీన్‌కార్డు కాగితాలు ఇంకా నడుస్తున్నాయి, సర్కారు మనుషుల ముందు నోరెత్తడానికి భయం వేసింది. అది ఒక కారణం. ఆ టిక్కు నాకు కావలసిన వైపు పడింది, అది రెండో కారణం. విద్య ఏడుస్తోందన్నట్టు దాన్ని భుజాన వేసుకుని తల వంచుకున్నాను. అది ఏడవడం లేదు.

వరసలో వెనకే నిలబడిన రే కార్డు మీద టిక్కు చూశాడు. బయట కార్ల దగ్గర పట్టుకున్నాడు.

“ఆరేళ్లుగా నా కొట్లో కాఫీ తాగావు ఆండీ. వాళ్లకు ఏ మాట ఇచ్చి వచ్చావు?”

సత్యానందం గారికి ఏమీ అర్థం కాలేదు. ఆయన ఏదో చెప్పబోతే, ఈసారైనా ఇంగ్లీషులో చెప్పు అని ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్వు మాత్రం ఆయనకు అర్థమైంది. ఇంటికి నాలుగు గంటల దారి. విమల గారు నా వైపు ఒకసారి చూసి కిటికీ వైపు తిరిగారు.

రెండు రోజులు ఆగి వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ వంటింటి బల్ల దగ్గర వెల్లుల్లి ఒలుస్తున్నారు. యెస్ ఎలా తిరగబడిందో చెప్పాను. ఆయన రెండు మూడుసార్లు పైకి అనుకుని చూశారు. యూ డోంట్ అంటే నో అనాలి. ఒప్పుకోకపోయినా నో, వద్దన్నా నో. చిన్నపిల్లాడిలా నవ్వారు. అంతలో ఆగి అడిగారు.

“మరి అక్కడే చెప్పలేదేంటమ్మా?”

అబద్ధం చెప్పడానికి నాలుగైదు దారులున్నాయి. కానీ ఆ మెట్ల మీద ఆవిడను ఎత్తుకుని వచ్చిన మనిషి ముందు నాకు అవేవీ నోటికి రాలేదు. నాచు నేల గురించి, ఆ మొక్కల గురించి, ఆ ప్రతిపాదన గెలవాలని లోలోపల కోరుకున్నదాని గురించి మొత్తం చెప్పేశాను. విమల గారి చెయ్యి ఆగింది. ఇక ఈ ఇంటికి రానక్కర్లేదంటారని ఎదురుచూశాను.

“ఆ మొక్కల్ని నాకు చూపించలేదేంటి ఇన్నాళ్లూ?” అన్నారాయన.

మళ్లీ శనివారం ఇద్దరం మోకాళ్ల దాకా తడిసి ఆ నేలలో నడిచాం. విద్యను విమల గారు ఒడ్డున చూసుకున్నారు. ఒక కూజా ఆకును వేలితో తడుముతూ ఆయన చాలాసేపు ఉన్నారు. “ఈ మూతి చూడమ్మా. లేత్ మీద ఇంత నున్నగా మాకు రాదు,” అన్నారు. ఒక్కటి కూడా తెంపలేదు.

అప్పుడు నాకు తోచింది, ఈ రెండూ ఒకేచోట లేవు కదా అని. దారి ఎత్తుగా ఉన్న ఇసుక గట్టు మీద ఉంది. నాచు నేల పల్లంలో ఉంది. ఆయన వర్క్‌షాపు నుంచి యాభై అడుగుల స్టీలు టేపు తెచ్చారు. నేనొక చివర, ఆయనొక చివర పట్టుకుని దారి మొత్తం కొలిచాం. నూట నలభై ఎనిమిది టేపులు, అంటే మైలున్నర లోపే. నాచు నేల ఎంత దగ్గరగా వచ్చినా దారికి ఆరువందల ఇరవై అడుగుల దూరంలో ఉంది. వాన పడ్డప్పుడు దారి మీది నీళ్లు తూర్పుకు పోతాయి, దాని వైపు రావు. నేను భయపడినప్పుడు కొలిచే మనిషినని చెప్పాను కదా. నా కొలతలు ఒకరికి పనికొచ్చింది అదే మొదటిసారి.

ఆ లెక్కలతో ఆయన పేరు మీద అటవీ శాఖకు ఉత్తరం రాశాను. సభలో తన మాట తప్పుగా నమోదైందని, ప్రతిపాదన ఉన్నది ఉన్నట్టుగా తనకు సమ్మతం కాదని, దారిని మినహాయించి మిగతాది, ముఖ్యంగా పడమటి నాచు నేలను కాపాడమని. నడవలేని తన భార్య ఆ దారి మీదుగానే నీళ్లను చేరుతుందని చివర్లో ఆయనే సొంతంగా రెండు వాక్యాలు చేర్చారు.

మర్నాడే ఆయన ఆ ఉత్తరాన్ని రేకి చూపించారు. పొరపాటు సంగతి విన్నాక రే మెత్తబడ్డాడు, పగలబడి నవ్వాడు కూడా. ఉత్తరం చివరకు వచ్చేసరికి ముఖం మారింది. ఒక్క ఎకరం కూడా వద్దని క్లబ్బంతా ఒక్కమాట మీద ఉంటే, నీ దారి వదిలితే చాలు మా దారులు మూసుకోండి అంటున్నావా అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. అతని మంచు బళ్ల బాట ఆ నాచు నేల ఉత్తరపు అంచు మీదుగా పోతుంది. దీన్ని చించి, మా ఉత్తరం మీద సంతకం చెయ్యి అన్నాడు.

సత్యానందం గారు పది రోజులు రెండు ఉత్తరాలూ బల్ల మీద పెట్టుకుని తిరిగారు. ఆయనకు ఈ దేశంలో వర్క్‌షాపు, చర్చి కాకుండా ఉన్న స్నేహం ఆ క్లబ్బొక్కటే. ఉత్తరాలు పంపే గడువు రేపనగా నన్ను ఫోన్ చేసి పిలిచారు. నేను వెళ్లేసరికి విమల గారు మాట్లాడుతున్నారు.

“మొత్తం వద్దు అని రాస్తే గెలిచినా మొత్తం, ఓడినా మొత్తం. ఓడితే నేను నీళ్లు చూడను. మీరు నాకోసం సైన్ చేస్తారా, రే కోసమా? ఏదైనా నేను ఏమీ అనను. ఊరికే అడుగుతున్నా.”

ఆయన మా ఉత్తరం మీద సంతకం చేశారు. ఆ శీతాకాలం క్లబ్బునుంచి ఒక్క విరిగిన భాగం కూడా ఆయన లేత్ మీదకు రాలేదు. ఎరల కొట్టులో ఆయన కాఫీ కప్పు మేకుకు వేలాడేది, అదీ తీసేశారట.

1979 జనవరి చివర్లో మ్యాపు టపాలో వచ్చింది. మా ఇంటికే తెచ్చి నేల మీద పరిచారు. నల్లటి గీత అడవి చుట్టూ తిరిగి, తూర్పున ఒకచోట సన్నగా లోపలికి దూరి, చెరువు దాకా వెళ్లి, అంతే సన్నగా వెనక్కి వచ్చింది. అది మా దారే. నేను అటవీ శాఖ కార్యాలయానికి ఫోన్ చేసి అడిగితే, అలా వదిలిన దారిని, పండుకు కాడలా ఉంటుందని, చెర్రీ కాడ అంటామని ఒకావిడ చెప్పింది. అచ్చు ఉత్తరాలు కట్టలు కట్టలుగా వచ్చాయని, నేల ఎలా ఉందో చెప్పినవి చాలా తక్కువని కూడా అంది. నేను ఆ మాటలు తెలుగులో చెబుతుంటే సత్యానందం గారు మ్యాపు మీద ఆ కాడను వేలితో వెళ్లి, వేలితో వెనక్కి వచ్చారు. విమల గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

పూర్తిగా గెలిచామని కాదు. చెరువు గీత లోపల ఉంది. చట్టం అయితే పడవకు మోటారు ఉండకూడదు. రే బాట కూడా గీత లోపలే పడింది. పైగా ఇదంతా ఇంకా సిఫారసే. వాషింగ్టన్‌లో చట్టం చెయ్యాలి, చేసేలోగా ఏమైనా మారవచ్చు. అది తలచుకుంటే నాకు గుండె దడ వస్తుంది. ఆయనకు రాదు. చట్టం కోసం ఎదురుచూడకుండా మోటారు విప్పేసి గ్యారేజీలో పెట్టి, తెడ్లు కొన్నారు.

మే నెలలో మొదటిసారి వెళ్లినప్పుడు ఒడ్డున రే ట్రక్కు ఉంది. పడవ దింపుతున్నాడు. అతనూ చూశాడు, మేమూ చూశాం. విమల గారిని ఎత్తబోయి సత్యానందం గారు నడుము పట్టుకుని ఆగిపోయారు. చలికాలంలో మంచు ఎత్తిపోస్తూ పట్టేసిన నడుము అది. రే తన పడవ వదిలేసి వచ్చి, ఆవిడను ఆ పెద్ద చేతులతో తీసుకుని కుర్చీలో దింపాడు.

“ఇది ఆవిడ కోసం. నీ మీద కోపం పోలేదు ఆండీ,” అన్నాడు.

“ఐ నో,” అన్నారీయన. “నీ బాటను తూర్పు గట్టు మీదకు జరిపితే గీత బయట పడుతుంది. నళిని కొలిచిపెడుతుంది. ఏమ్మా?” అన్నారు. నన్ను ముందుగా అడగలేదు. రే నా వైపు అనుమానంగా చూశాడు. సరేనన్నాను. పడవను నీళ్లలోకి తోసి అతను తన పని మీద వెళ్లిపోయాడు. జూలైలో మాత్రం ఎరల కొట్టులో నేను కనబడగానే, ఎప్పుడు కొలుస్తావని నన్నే కసిరాడు.

ఈ వేసవిలో విమల గారు పదకొండుసార్లు ఆ నీళ్ల మీదకు వెళ్లారు. వెళ్లిన ప్రతిసారీ భోజనం డబ్బా తెరిచే ముందు సత్యానందం గారు ప్రార్థన చేస్తారు. అన్నానికి, చేపకు, నడుముకు స్తోత్రాలు చెప్పి, పేరు తెలియని ఆ మ్యాపు గీసిన మనిషిని, అతని పిల్లల్ని చల్లగా చూడమని అడుగుతారు. నేను ప్రార్థనలు చేసే మనిషిని కాను. సభలో తల వంచుకున్నందుకు ఆ ఇద్దరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ కృతజ్ఞత ఎక్కడ, ఎవరికి చెప్పుకోవాలో నాకింకా తెలియదు. అందుకని ఆయన ఆపగానే, ఒళ్లో విద్య అన్నం చేతితో నా నోరు మూస్తున్నా సరే, అందరితోపాటు ఆమెన్ అంటాను.